పన్నెండో పళ్ళెం

మార్చి 2, సోమవారం

మాట్లాడటం కంటే రాయడమే నాకు నయం. రాస్తే ఎవరూ "ఆఁ? ఏమన్నావ్? కాస్త గట్టిగా చెప్పు" అనరు. అందుకని ఈ నోటుబుక్కు. పింగాణీ సర్దే గడ్డిపెట్టెలో అడుగున దాస్తాను. ఆ పెట్టెలో చెయ్యి పెట్టేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే.

మామగారిని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. రెండు కళ్ళకీ కట్టు. ఇరవయ్యో తారీఖు దాకా, అంటే దాదాపు మూడు వారాలు, విప్పకూడదట. ముప్పై ఏళ్ళుగా పాత పింగాణీని చూసి, ఇది ఎక్కడిది, ఎప్పటిది, ఎంత చేస్తుంది అని కాగితం రాసిచ్చే మనిషి. వీధిలో అందరూ భూతద్దం గారు అంటారు. ఇప్పుడు భూతద్దం బల్ల మీద ఉంది, ఆయన మంచం మీద ఉన్నారు.

పడుకోగానే మా ఆయన్ని పిలిచారు.

"ఒరేయ్, ఈ మూడు వారాలూ కాగితాలు నువ్వే రాయి. ఒక్కటి తప్పినా నాకు తెలుస్తుంది. తప్పిందా, దుకాణం వేలం కంపెనీ వాళ్ళకి ఇచ్చేస్తాను. రెండేళ్ళ నుంచి అడుగుతున్నారు. నువ్వు వాళ్ళ దగ్గరే గుమాస్తాగా చేరుదువుగాని. తప్పలేదా, బోర్డు మీద నీ పేరు."

"తప్పదు నాన్నా" అన్నారు ఆయన.

"ఇప్పుడే ఎందుకండీ ఈ గొడవలు? కళ్ళు మూసుకుని పడుకోండి" అన్నారు అత్తగారు.

"మూసే ఉన్నాయిగా" అన్నారు మామగారు.

దుకాణం పోతే దాని పైన మేముంటున్న ఈ మూడు గదులూ పోతాయి. కానీ మా ఆయనకి అన్నీ తెలుసు. నాకు భయం లేదు. ఒకసారి మాత్రం లేచి వెళ్ళి వంటగది గోడని తాకి చూసొచ్చాను.

మార్చి 3, మంగళవారం

దుకాణానికి వచ్చిన ప్రతి వస్తువూ ముందు వెనక వరండాలోకి, నా తొట్టి దగ్గరికి వస్తుంది. పెళ్ళయి వచ్చిన వారానికే మామగారు నేర్పారు. ఉంగరం తీసెయ్యాలి. తొట్టి అడుగున తువ్వాలు పరవాలి. నీళ్ళు చంటిపిల్లకి పోసేంత వెచ్చన. ఒకసారికి ఒకటే. కడిగాక గుడ్డ మీద బోర్లించాలి. "నీకు మాటలు తక్కువ, అందుకే ఈ పని నీకు" అన్నారు అప్పుడు. అది పొగడ్తో కాదో ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ళు కడిగాక చేతులకి కొన్ని తెలిసొస్తాయి. చైనాలో చేసి, దూరదేశాల కుటుంబాల కోసం ఓడలకెక్కించిన పాత సరుకైతే, పళ్ళెం అడుగున ఉండే గుండ్రటి అంచుకి మెరుగు, అంటే గాజులాంటి పూత, ఉండదు. గరుగ్గా ఉంటుంది. ఒక్కోచోట బట్టీలో అంటుకున్న ఇసుక ఇంకా ఉంటుంది. ఆ గరుకు తడిని పట్టుకుంటుంది. బోర్లించి తీస్తే గుడ్డ మీద తడి చక్రం ఉంటుంది. కొత్తవి, నకళ్ళు నున్నగా ఉంటాయి, దులిపితే ఆరిపోతాయి. ఇంతే. ఇది చదువు కాదు. ఇది గిన్నెలు తోమడం.

మా ఆయన వరండా గుమ్మంలో నిలబడి అడుగుతుంటారు. "ఏంటోయ్, ఇదెలా ఉంది?"

నా వీపు ఆయన వైపు ఉంటుంది కాబట్టి నాకు మాట వస్తుంది. "అడుగు గరుగ్గా ఉందండి. మెరుగులో సూదిమొన లాంటి గుంటలున్నాయి" అంటాను.

తర్వాత లోపల మామగారితో ఆయన "అడుగు గరుకు నాన్నా. మెరుగులో సూదిమొన గుంటలు చూశాను" అని చెప్పడం వినిపిస్తుంది. మా ఇద్దరి ఆలోచనలూ ఎంత బాగా కలుస్తాయో.

మార్చి 5, గురువారం

ఒక కప్పు, సాసరు వచ్చాయి. "తెలుపు ఎలాంటిది?" అని గుమ్మంలోంచి అడిగారు. తెలుపుల్లో రకాలుంటాయి కదా. నేను "దుప్పటికి నీలిమందు కాస్త ఎక్కువైతే వస్తుందే, ఆ తెలుపండి" అన్నాను. మంచి సంగతే. పాత ఎగుమతి సరుకు అలాగే ఉంటుంది.

లోపల మామగారితో ఆయన చెప్పారు. "నీలిమందు కాస్త ఎక్కువైన దుప్పటి తెలుపు నాన్నా."

తర్వాత మామగారు "దుప్పట్లు ఎప్పుడు ఉతికావురా నువ్వు?" అన్నారు.

"ఆరేసినప్పుడు చూస్తాం కదా నాన్నా."

మామగారు నవ్వారు. చాలాసేపు నవ్వారు. కట్టు కదులుతుందని అత్తగారు కేకలేసేదాకా నవ్వారు. ఎందుకో నాకు తెలియలేదు.

మార్చి 6, శుక్రవారం

రెండు గిన్నెలు, ఒక కూజా. కూజా మెడ అతికించింది. ఆయనా అదే అన్నారు, నేను చెప్పాక.

మార్చి 9, సోమవారం

పిల్లులావిడ వచ్చింది. వీధి చివర పెద్ద మేడలో ఒంటరిగా ఉంటుంది. భర్త ఓడ కెప్టెన్, పోయి నాలుగేళ్ళు. ఆవిడా, ఏడు పిల్లులూ. పైకప్పు కురుస్తోందనీ, బాగు చేయించాలంటే భర్త వాళ్ళ నాయనమ్మ నాటి పళ్ళాలు వేలానికి ఇవ్వక తప్పదనీ చెప్పింది. వేలం కంపెనీ వాళ్ళు భూతద్దం గారి దుకాణం కాగితం ఉంటేనే తీసుకుంటారట.

పన్నెండు పళ్ళాలు. పదకొండింటిని ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చింది. పన్నెండోదాన్ని పాత పేపర్లో తెచ్చింది.

అన్నిటి మీదా ఒకటే బొమ్మ. చిన్న కోట, కోట మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, కాలి పక్కన ఒక ఎర్ర చుక్క. ఎవరో దూరదేశపు కుటుంబం వాళ్ళ వంశముద్ర. అలాంటి కుటుంబాలు బొమ్మని కాగితం మీద గీయించి చైనాకి పంపేవారట, అక్కడివాళ్ళు చూసి పళ్ళాల మీద వేసేవారట.

పదకొండూ ఎంత బాగున్నాయో! అచ్చు ఒకేలా ఉన్నాయి. పన్నెండోది మాత్రం కొంచెం వంకర. బల్ల మీద పెడితే ఊగుతుంది. అంచు మెరుగు అక్కడక్కడ రాలిపోయి చీమలు కొరికినట్టుంది.

ఆయన భూతద్దం తీశారు. పిల్లులావిడ "బాబూ, అచ్చం మీ నాన్నగారు పట్టుకున్నట్టే పట్టుకున్నావే" అంది. అంతే. ఇక ఆయన వరండాలోకి పంపనేలేదు. అక్కడికక్కడే కూర్చుని కాగితం రాసిచ్చేశారు. పదకొండూ రెండు వందల యాభై ఏళ్ళ నాటి అసలైన చైనా ఎగుమతి సరుకు. పన్నెండోది ఎప్పుడో ఒకటి పగిలితే జత కోసం తర్వాత చేయించిన నాసిరకం, వెల లేనిది. ఎర్ర చుక్క సంగతి కూడా రాశారు, కొంగ కాలి పక్కనున్నది కెంపు అనీ, ఆ వంశ గౌరవానికి గుర్తు అనీ. చదివి వినిపిస్తుంటే పిల్లులావిడ కళ్ళు తుడుచుకుంది.

తర్వాత పన్నెండోదాన్ని చూసి, "దీన్ని మళ్ళీ ఎక్కడ మోసుకెళ్ళను? మా పిల్లి కూడా దీంట్లో పాలు తాగదు. అమ్మా, నువ్వు ఉంచుకో" అని నా చేతిలో పెట్టింది.

"సబ్బు పెట్టుకో" అన్నారు ఆయన.

నాకు ఎవరైనా ఏదైనా ఇచ్చి చాలా రోజులైంది. సబ్బు పెట్టుకున్నాను.

మార్చి 10, మంగళవారం

ఇరవై ఒకటిన వేలం కంపెనీ మేనేజరు వచ్చి పళ్ళాలు తీసుకెళ్తారట. అందాకా మా దగ్గరే. ఈ రోజు పదకొండూ కడిగాను. బోర్లించాను. తీసి చూస్తే గుడ్డ పొడిగా ఉంది.

ఎండ ఎక్కువగా ఉంది కదా.

మార్చి 11, బుధవారం

పదకొండూ మళ్ళీ కడిగాను. ఈ రోజు మబ్బు.

గుడ్డ పొడిగా ఉంది.

మార్చి 12, గురువారం

కడిగాను. అత్తగారు వచ్చి చూసి "వాటికి జలుబు చేస్తుందే అమ్మాయ్, ఇక వదిలెయ్" అన్నారు. వదిలేశాను.

ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. అడగనిదానికి ఎవరైనా ఎలా చెబుతారు? అయినా ఆయనకి తెలియకుండా ఉంటుందా? భూతద్దంతో చూశారు. నా దగ్గర ఉన్నది గుడ్డ.

మార్చి 13, శుక్రవారం

సబ్బు అయిపోయింది. పళ్ళెం ఎత్తాను. దాని కింద, తొట్టి గట్టు మీద, గుండ్రంగా తడి చక్రం.

కూర్చుండిపోయాను. పళ్ళెం తిరగేసి వేలితో అడుగు తడిమాను. గరుకు. ఒకచోట ఇసుక రేణువు. తెలుపు చూశాను. నీలిమందు ఎక్కువైన దుప్పటి.

అయినా నమ్మలేదు. పదకొండు ఒకలా ఉండి ఒక్కటి వేరేగా ఉంటే, ఆ ఒక్కటే తప్పని ఎవరైనా అంటారు. నేనూ అదే అనుకున్నాను. బడిలో టీచరు కూడా అలాగే అనేది.

పదకొండింట్లో ఒకదాన్ని తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను. కోట, కొంగ, చుక్క. వంకర పళ్ళెంలో ఆ చుక్క గుండ్రంగా లేదు. బొమ్మ వేసేవాడి కుంచె నుంచి ఎర్రరంగు జారిపడి, బట్టీ వేడికి కిందికి కారి, వెంట్రుకంత తోక వచ్చింది. కెంపు కాదు, ఏమీ కాదు. చెయ్యి జారింది. అంతే.

పక్కదాంట్లోనూ చుక్క అక్కడే ఉంది. దానికీ తోక ఉంది. అది కారలేదు. కుంచెతో జాగ్రత్తగా గీశారు.

మిగతా పదీ తెచ్చి చూశాను. అన్నిట్లోనూ అక్కడే చుక్క, అన్నిటికీ తోక. ఒకడి చెయ్యి ఒకసారి జారుతుంది. పన్నెండు సార్లు అదే చోట, అదే తోకతో ఎలా జారుతుంది?

ఎప్పుడో ఆ ఇంట్లో అసలు పళ్ళాలన్నీ పగిలిపోయి ఈ ఒక్కటే మిగిలి ఉంటుంది. దీన్ని చూపించి "ఇలాంటివే చెయ్యి" అని ఇంకెవరితోనో చేయించుకుని ఉంటారు. వాడెవడో పాపం, మచ్చతో సహా చేసిపెట్టాడు.

మార్చి 14, శనివారం

ఏమీ జరగలేదు. సబ్బు కొత్తది తెచ్చుకున్నాను. గట్టు మీదే పెట్టాను.

మార్చి 16, సోమవారం

చెప్పాను. నిన్నంతా అనుకుని, ఈ రోజు ఆయన షర్టు గుండీలు పెట్టుకుంటుంటే చెప్పాను.

"ఆఁ?" అన్నారు.

మళ్ళీ చెప్పాను.

"నువ్వు చదివింది ఎంత?"

"ఐదు."

"మరి?"

మరి ఏముంది? రెండు పళ్ళాలూ మంచం మీద పక్కపక్కన పెట్టి, చుక్క మీద వేలు పెట్టాను. ముందు దీని మీద, తర్వాత దాని మీద. ఆయన వంగారు. భూతద్దం తెచ్చుకుని మళ్ళీ వంగారు. కూర్చున్నారు. పై గుండీ కింది కాజాలో పెట్టుకున్నారు. నేను సరిచేయలేదు.

"కాగితం ఇచ్చేశాను కదే" అన్నారు.

ఆయన నన్ను "ఏంటోయ్" అనకుండా "కదే" అన్నది ఇదే మొదటిసారి. దగ్గరితనం పెరిగిందనుకుంటాను.

మార్చి 17, మంగళవారం

వేలం కంపెనీ నుంచి కబురొచ్చింది. పన్నెండో పళ్ళెం నాసిరకమైనా సరే పక్కన పెట్టి చూపిస్తే మిగతావాటి అందం తెలుస్తుందని మేనేజరు అన్నారట. శనివారం దాన్ని కూడా చూస్తారట.

మధ్యాహ్నం ఆయన వరండాలోకి వచ్చారు. గుమ్మంలో ఆగలేదు. నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. పెళ్ళయ్యాక నా తొట్టి పక్కన కూర్చోవడం ఇదే మొదలు.

"చూడు, శుక్రవారం నాన్న కట్టు విప్పుతారు. ఇది ఇంట్లో ఉంటే నాన్న చూస్తాడు. బయటికి వెళ్తే వేలం వాళ్ళు చూస్తారు. పక్కన పెట్టి చూడకపోతే పదకొండింటినీ ఎవరూ అనుమానించరు. అవునా?"

"ఊఁ."

"ఒకటి పగిలితే చాలు. మనకి దుకాణం ఉంటుంది, ఇల్లుంటుంది."

"ఊఁ."

"నీ చెయ్యి జారిందంటే ఎవరూ ఏమీ అనరు. నేను అననివ్వను."

ఎంత దయో. నా చేతిలోంచి ఇంతవరకు ఏదీ జారలేదు. చెంచా కూడా. ఆ సంగతి ఆయనకి తెలుసా అని అడగాలనిపించింది.

"పిల్లులావిడకి?" అన్నాను.

"ఆవిడకి పదకొండింటి డబ్బు వస్తుంది కదా. ఆవిడకి లాభమే."

"కొనుక్కున్నవాళ్ళకి?"

"వాళ్ళెవరో మనకి తెలియదుగా" అన్నారు, నేను అడగకూడనిది అడిగినట్టు.

మార్చి 18, బుధవారం

పళ్ళెం పట్టుకుని గట్టుకి పైగా ఎత్తాను. దించాను. మళ్ళీ ఎత్తాను. ఎత్తిన ప్రతిసారీ రెండో చెయ్యి దానంతటదే వచ్చి కింద పట్టుకుంటోంది.

మార్చి 19, గురువారం

"అయిందా?" అని అడిగారు.

లేదన్నాను.

"నిన్ను నమ్ముకున్నాను" అన్నారు. ఆ మాట కోసం రెండేళ్ళు చూశాను. వినగానే కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను. సంతోషమే అయి ఉంటుంది.

మార్చి 20, శుక్రవారం

పగిలింది.

ఆయన అవతలి గదిలో ఉన్నారు. చప్పుడు విన్నారు. లోపలికి రాలేదు. తలుపు అవతల నుంచే "ముక్కలు గుడ్డలో మూట కట్టి ఉంచు, చూపించాలి" అన్నారు.

కట్టాను. మిగతావి గడ్డిలో సర్దాను.

సాయంత్రం డాక్టరు వచ్చి మామగారి కట్టు విప్పారు. నల్లకళ్ళజోడు ఇచ్చారు.

మార్చి 21, శనివారం

అక్షరాలు సరిగా రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకి మేనేజరు వచ్చారు. నిండుగా ఉండే మనిషి. మామగారిని "గురువుగారూ" అంటారు. పిల్లులావిడ బుట్టలో ఒక పిల్లిని పెట్టుకుని వచ్చింది. మామగారు నల్లకళ్ళజోడుతో బల్ల దగ్గర కూర్చున్నారు. నేను టీ ఇచ్చి తలుపు పక్కన నిలబడ్డాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "చిన్న ప్రమాదం జరిగింది. ఆ వంకర పళ్ళెం కడుగుతుంటే మా ఆవిడ చెయ్యి జారింది. పగిలిపోయింది. ఎలాగూ పనికిరానిదే అనుకోండి."

అందరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"పోనీలే బాబూ, మా పిల్లే తాగేది కాదు" అంది పిల్లులావిడ.

"సరే, పదకొండూ చూద్దాం" అని మేనేజరు గడ్డిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. "ఆహా! ఏం పనితనం గురువుగారూ! మూడు... నాలుగు... ఈ కొంగ చూడండి, ఎగిరిపోతుందేమో అన్నట్టుంది..."

తొమ్మిదోది పెట్టారు. అది బల్ల మీద ఊగింది.

మేనేజరు దాన్ని వేలితో ఆపారు. వదిలారు. మళ్ళీ ఊగింది.

"ఇదేంటి, వంకరగా ఉంది?"

మా ఆయన నోరు తెరిచారు. మూశారు. మూట వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్ళీ మూట వైపు.

"వంకరది పగిలిందన్నారుగా?" అన్నారు మేనేజరు.

"మరి నా మంచి పళ్ళెం పగలగొట్టారా!" అని లేచింది పిల్లులావిడ. బుట్టలో పిల్లి కూడా అరిచింది.

మామగారు చెయ్యి చాపారు. "ముక్కలు ఇటివ్వండి."

కొంగ కాలున్న ముక్క ఏరి తీసుకున్నారు. కళ్ళజోడు తీశారు. డాక్టరు తియ్యొద్దన్నాడని అత్తగారు అన్నా వినలేదు. భూతద్దం పెట్టి చూశారు. తర్వాత వంకర పళ్ళెం దగ్గరికి లాక్కుని చూశారు. దాన్ని తిరగేసి, అడుగు మీద బొటనవేలు ఒక చుట్టు తిప్పారు. బల్ల మీదున్న మిగతావాటిని ఒక్కోదాన్నీ తిరగేసి అలాగే తిప్పారు. టీ చల్లారిపోయింది.

"బట్టీలో కారిన చుక్కకి తోక ఉంటుంది" అన్నారు మెల్లగా. "వీడు ఆ తోకని కూడా గీశాడు. నకలు చేసేవాడికి ఇదే ఖర్మ. ఏది పనితనమో, ఏది పొరపాటో తెలియదు, అన్నీ ఎత్తి రాస్తాడు." అని మా ఆయన వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇది నువ్వు ముందే చూశావా?"

చూశానండీ అన్నాను. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"గట్టిగా చెప్పమ్మా. నాకు ఇంకా చూపు ఆనడం లేదు."

చూపుకీ వినడానికీ ఏమిటి సంబంధం? కానీ ఆయన నా వైపే చూస్తున్నారు.

"చూశానండీ. పదమూడో తారీఖున. పదకొండూ కూతుళ్ళండీ. ఆ వంకరది తల్లి."

ఆ గదిలో అంత గొంతు నాకు ఎప్పుడూ రాలేదు. పిల్లి కూడా ఊరుకుంది.

అప్పుడు మా ఆయన కుర్చీలోంచి లేచారు. ముఖం తుడుచుకున్నారు. "నేనే నాన్నా, ఒకటి పగలగొట్టమన్నాను" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఒకటి పగలగొట్టమన్నది నిజంగా ఆయనే.

మేనేజరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. "పరీక్ష కోసం పగలగొట్టి చూసే గుండె ఎవరికుంటుందండీ! గురువుగారూ, మీ అబ్బాయి మిమ్మల్ని మించిపోతాడు." తర్వాత వంకర పళ్ళెం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇలాంటిది ఒక్కటే మిగలడం మీ అదృష్టం. మిగతా పదీ కలిపి అమ్మినా దీని ధరలో సగం రాదు" అని పిల్లులావిడకి వివరించారు. ఎంత వస్తుందో చెప్పారు, ఆవిడ కూర్చుండిపోయింది. పైకప్పుతో పాటు మెట్లు కూడా బాగు చేయించుకోవచ్చట.

పిల్లులావిడ నా దగ్గరికి వచ్చింది. "నీకిచ్చేశాను కదమ్మా. ఇచ్చింది ఎలా తీసుకోను? అది నీదే."

"వద్దండీ. సబ్బుకి ఇంకోటి చూసుకుంటాను" అన్నాను.

ఆవిడ రెండోసారి అడగలేదు.

మార్చి 22, ఆదివారం

ఆయన నాతో మాట్లాడటం లేదు. సబ్బు ఎక్కడుందని మాత్రం అడిగారు.

పగిలిన పళ్ళెం ముక్కలు ఇంకా పారేయలేదు. దానికి మాత్రం ఏం తెలుసు? దాని మీద చుక్కకి తోక గీసినవాడు ఎంతసేపు ఊపిరి బిగపట్టుకుని గీశాడో. నా చేతిలో జారిన మొదటి వస్తువు అది. జారిందని ఇక్కడ కూడా రాస్తున్నాను. జారలేదు. రెండో చెయ్యి వెనక పెట్టుకుని వదిలాను.

మధ్యాహ్నం అందరూ కూర్చున్నప్పుడు మామగారు అడిగారు. "కాగితం తప్పిందా, లేదా?"

"మళ్ళీ సరిగ్గా రాసిచ్చాను కదా నాన్నా. మేనేజరు కూడా..."

"తప్పిందా, లేదా?"

"తప్పింది."

అత్తగారు ముఖం పక్కకి తిప్పుకున్నారు. నేను వంటగది గోడ వైపు చూశాను. గుమాస్తా జీతానికి ఎన్ని గదులు వస్తాయో తెలియదు.

"దుకాణం ఇచ్చేద్దామనే నిన్న రాత్రి దాకా అనుకున్నాను" అన్నారు మామగారు. "కానీ నువ్వొక్కడివి రాసిన కాగితమే తప్పింది. అమ్మాయి కడిగాక రాసినవన్నీ ఈ మూడు వారాల్లో ఒక్కటీ తప్పలేదు. నా కళ్ళకి కట్టు ఉండేది కానీ చెవులకి లేదు. కాబట్టి దుకాణం ఉంటుంది. ఇక మీదట ప్రతి కాగితం మీదా రెండు సంతకాలు. ఒకటి నీది, ఒకటి దానిది. రెండూ లేకపోతే కాగితం చెల్లదు. మేనేజరుకి కూడా చెప్పాను."

"దాని సంతకమా?" అన్నారు అత్తగారు. "ఐదో క్లాసు చదివిందండీ అది!"

"వీడు డిగ్రీ చదివి పెట్టాడుగా సంతకం" అన్నారు మామగారు.

నన్నెవరూ అడగలేదు. కానీ పెన్ను తెచ్చి నా ముందే పెట్టారు.

మార్చి 24, మంగళవారం

నా పేరు పదిసార్లు రాశాను. ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. సంతకం ఎప్పుడూ ఒకేలా ఉండాలట. మామగారిని అడిగితే, "చేత్తో చేసింది ఎప్పుడూ కొంచెం మారుతుంది, ఫరవాలేదు" అన్నారు.

మార్చి 30, సోమవారం

ఈ రోజు ఒకాయన కారులో వచ్చాడు. మోకాలెత్తు కూజా తెచ్చాడు. నీలం డ్రాగన్లు, మబ్బులు. తొందరలో ఉన్నాడు, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. మా ఆయన చాలా బాగా మాట్లాడారు. ఎన్నేళ్ళ నాటిదో, ఏ ఓడ మీద వచ్చి ఉంటుందో కళ్ళకి కట్టినట్టు చెప్పారు. వచ్చినాయన కుర్చీ అంచు మీదికి జరిగి వింటున్నాడు.

కాగితం రాసి, కింద సంతకం పెట్టి, వరండాలోకి తెచ్చారు. "ఇదిగో, ఇక్కడ పెట్టు. తొందరగా. ఆయన వెళ్ళాలట."

పెన్ను తీసుకున్నాను. కాగితం చదివాను. మెల్లగానే చదవగలను, మొత్తం చదివాను. మూత పెట్టి పెన్ను తిరిగి ఇచ్చాను.

"కూజా ఏదండీ?"

"ముందు గదిలో ఉంది. ఎందుకు?"

"కడగలేదు కదండీ."

ఆయన నా వైపు చూశారు. ముందు గది వైపు చూశారు. గొంతు తగ్గించి "ఏంటే, ఆయన ముందు నా పరువు..." అన్నారు.

నేను ఉంగరం తీసి గట్టు మీద పెట్టాను. తొట్టిలో తువ్వాలు పరిచాను. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. కాసేపటికి ముందు గదిలోకి వెళ్ళి, "ఒక్క అరగంట కూర్చోవాలండీ, మా ఆవిడ చూడాలి" అనడం వినిపించింది.

అరగంట చాలదు. అంత కూజా ఆరాలంటే సాయంత్రం అవుతుంది. తలుపు దాకా వెళ్ళి, వచ్చినాయనకి ఆ సంగతి నేనే చెప్పి వచ్చాను.